పాత చిట్టా – క్రొత్త చిట్టా

2024వ సంవత్సరపు వేసవి సెలవులలో మా పాఠశాల కంప్యూటరు గదియందు రాత్రి తొమ్మిది గంటల వఱకు దీపము వెలుగుచుండుట చూచి, పెందుర్తి రైల్వే స్టేషనునుండి ఆ దారిని ఇండ్లకు పోవువారు కొందఱు మమ్ము ప్రశ్నించిరి. పరీక్షలు ముగిసినవి గదా, పిల్లలు లేరు గదా, ఈ మాస్టారు అచ్చట నేమి చేయుచున్నాడని వారి సందేహము. "చిట్టా మార్చుచున్నాము" అని మేము చెప్పిన సమాధానము వారికి తృప్తి కలిగింపలేదు. తల్లిదండ్రులలో కూడ పలువురు అడుగుచున్నందున ఆ సంగతిని ఈ పత్రికలో వ్రాయుట యుక్తమని తలంచితిమి. వ్రాయుటకు మఱియొక కారణమును కలదు. అది చదువరులకు క్రమముగ తెలియగలదు.

2009వ సంవత్సరమున మేము శిక్షణ కళాశాలనుండి వచ్చి కొలది సంవత్సరములు మాత్రమే యైయుండెను. గణితము మా పాఠ్యవిషయము. పరీక్షల మార్కులు కూడి, ప్రోగ్రెస్ కార్డులు చేతితో వ్రాయుటకు ఉపాధ్యాయులందఱికిని ప్రతిసారి రెండు వారములు పట్టుచుండెను. అందుచే పై తరగతుల పిల్లలు ఏడెనిమిదిమందిని చేర్చుకొని, తెలుగులో కార్డులు ముద్రించు ప్రోగ్రామునొకదానిని ఆరంభించితిమి. నేటికిని మీ పిల్లలు ఇంటికి తెచ్చి మీచేత సంతకము చేయించు కార్డు ఆ ప్రోగ్రాము ముద్రించినదే.

కంప్యూటరు ప్రోగ్రామనగా వేలకొలది పంక్తుల వ్రాత. పదిమంది చేయి పెట్టిన ప్రోగ్రాము పదిమంది వండిన పులుసు వంటిది. ఉప్పెక్కువైనప్పుడు ఎవరు వేసిరో యెవరికిని తెలియదు. కావున ఏ దినమున, ఎవరు, ఏ పంక్తిని, ఏల మార్చిరో వరుసగా దాచియుంచు సాధనము కావలెను. దానిని వెర్షన్ కంట్రోల్ అందురు. వర్తకుల దుకాణములలోని చిట్టాను పోలినది గనుక మేము పిల్లలకు దానిని చిట్టా యనియే నేర్పితిమి. అప్పుడు మేమెంచుకొన్న సాధనము సబ్‌వర్షన్. అది 2000వ సంవత్సరమున ఆరంభింపబడి, 2004లో మొదటి పూర్తి రూపమున వెలువడి, ఆ దినములలో మిక్కిలి వాడుకలో నుండెను. దాని పద్ధతిలో పుస్తక మొక్కటే. సబ్‌రిజిస్ట్రారు కార్యాలయమందలి దస్తావేజుల పుస్తకమువలె అది యొకచోట నుండును. మార్పు చేర్చవలెనన్నను, పాత పుట చూడవలెనన్నను అచ్చటికే పోవలెను. మా పుస్తకము కార్యాలయపు గది మూలనున్న పాత కంప్యూటరులో నుండెను.

ఆ పుస్తకమున వ్రాయుటకు రెండే లాగిన్ పేర్లు ఏర్పఱచితిమి: మా పేరిట నొకటి, 'పిల్లలు' అను పేరిట నొకటి. ప్రతి విద్యార్థికిని వేఱువేఱు లాగిన్ ఇచ్చుటకు పది నిమిషములకన్న నెక్కువ పట్టియుండెడిది కాదు. ఇయ్యలేదు.

2011వ సంవత్సరమున నొక ఉదయము తొమ్మిదవ తరగతి త్రైమాసిక మార్కుల పట్టిక కనబడలేదు. ముందటి సాయంకాలము బడి విడిచిన పిమ్మట కంప్యూటరు వద్ద కడపట కూర్చుండినవాడు పదవ తరగతి బాలుడొకడు. చురుకైనవాడు, కొంచెము అల్లరివాడు. అతడే చెఱిపెనని మేము నిశ్చయించితిమి. తాను చెఱుపలేదని యతడు రెండుసార్లు చెప్పెను. మూడవసారి చెప్పలేదు. తరగతి యెదుట మందలించి, కాగితపు రిజిస్టరు చూచి పట్టికనంతయు మరల టైపు చేయుమని ఆజ్ఞాపించితిమి. అతడు మూడు సాయంకాలములు కూర్చుండి ఆ పని ముగించెను. 'పిల్లలు' అను లాగిన్‌ను మేము పట్టిక మాయమైన ఆ యుదయమే రద్దు చేసితిమి. అటుపిమ్మట పిల్లలు ఇంటివద్దనో, కంప్యూటరు గదిలోనో వ్రాసి పెన్‌డ్రైవులో తెచ్చినదంతయు మా చేతిమీదుగా, మా పేరిట చిట్టాలో చేరుచు వచ్చెను.

2014 అక్టోబరు 12, ఆదివారము, హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటిన సంగతి ఈ ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ దినమున ఆరాధన జరుగలేదు. మా కార్యాలయపు గది పైకప్పు రేకులు రెండు లేచిపోయి, వాన నేరుగా ఆ కంప్యూటరు మీదనే కురిసెను. అటెండరు దానిని టార్పాలిన్‌లో చుట్టి, చంటిబిడ్డనెత్తుకొన్నట్లు ఎత్తుకొని వరండాలోనికి తెచ్చెను. కరెంటు లేక దినములు గడచినవి. ఆ దినములలో మాకు ప్రోగ్రాము చరిత్రలో ఒక్క పుటయైనను చూచు వీలు లేకుండెను. ఉన్న ఒక్క పుస్తకము తడిసి మూలనున్నది. కరెంటు వచ్చిన పిమ్మట డిస్కు తిరిగినది. తిరుగకున్నచో ఐదు సంవత్సరముల పని నూతిలో పడినట్లే. ఆ దినముననే మేము వేఱొక పద్ధతికి మాఱియుండవలసినది. నేడు, రేపు అనుచు పది సంవత్సరములు జాగుచేసితిమి.

ఆ వేఱొక పద్ధతి గిట్. లినక్స్ కెర్నెలు పనివారు వాడుచుండిన బిట్‌కీపర్ అను సాధనము ఉచితముగ దొరకుట 2005లో నిలిచిపోగా, లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఏప్రిలు నెలలోనే గిట్‌ను వ్రాయ నారంభించి, కొలది దినములలో పనికి తెచ్చెను. గిట్‌లో పుస్తకము ఒక్కచోట నుండదు. పనిచేయు ప్రతివాని యొద్దను మొదటి పుటనుండి కడపటి పుట వఱకు పూర్తి ప్రతి యుండును. కొత్తవలస జంక్షనులో కిరండూలు మార్గము విడిపోయినట్లు, ఒక్కొక్కరు తమ పనిని వేఱు శాఖగా నడిపించుకొని, ముగిసిన పిమ్మట మరల పెద్ద మార్గమున కలుపవచ్చును. కిరండూలు మార్గము తిరిగి కలియదు గనుక ఈ పోలిక సగము మాత్రమే సరి.

గిట్‌లో ముఖ్యమైన గుణము మఱియొకటి కలదు. చేర్చిన ప్రతి మార్పునకును నలువది అక్షరముల ముద్ర యొకటి యేర్పడును. మార్పులోని విషయము, వ్రాసినవాని పేరు, తేది, దానికి ముందటి మార్పు యొక్క ముద్ర – ఇవన్నియు కలిసియే ఆ ముద్ర పుట్టును. పాత పుటలో ఒక్క యక్షరము దిద్దినను దాని తరువాతి ముద్రలన్నియు మాఱిపోయి, ఇతరుల యిండ్లలోని ప్రతులతో పొసగవు. కనుక పాత సాధనమునుండి క్రొత్తదానికి మార్చు ఆ కొలది దినములే, ప్రతులు పంచకముందే, పేర్లు సరిచూచుకొనుటకు వీలైన కాలము. ఆ దినములలో ఏమి చేసినను ఎవరికిని తెలియదనుట కూడ నిజమే.

ఈ పనికి ఆఱుగురము కూడితిమి. రుషికొండమీది ఐ.టి. కార్యాలయమొకదానిలో ఉద్యోగము చేయు పూర్వ విద్యార్థి పెద్దగ నుండెను. అతడు సాయంకాలము తన పని ముగించుకొని వచ్చెడివాడు. ఉక్కు కర్మాగారమున పనిచేయు మఱియొక పూర్వ విద్యార్థి, కంప్యూటరు ఉపాధ్యాయురాలు, తొమ్మిదవ తరగతి పిల్లలిద్దఱు, మేము. మొదటి దినముననే వాదము పుట్టెను. పాత చరిత్ర మనకేల, నేటి రూపమును మాత్రము గిట్‌లో పెట్టి క్రొత్తగ ఆరంభింతమని రుషికొండవాని అభిప్రాయము. అతడు చూపిన దృష్టాంతము బలమైనదే. టోర్వాల్డ్స్ కెర్నెలును గిట్‌లో పెట్టినప్పుడు పూర్వచరిత్రను తెచ్చుకొనక, 2.6.12-ఆర్‌సి2 అను రూపమునుండియే ఆరంభించెను. అంతకుముందటి చరిత్రను ఇతరులు వేఱుగా గిట్‌లోనికి తెచ్చియుంచిరి.

మేము వేఱు దృష్టాంతము చూపితిమి. జి.సి.సి. అను ప్రసిద్ధమైన కంపైలరువారు 2020 జనవరిలో సబ్‌వర్షన్‌నుండి గిట్‌కు మాఱినప్పుడు దశాబ్దముల చరిత్రనంతయు వెంటతెచ్చుకొనిరి. అంతటితో ఊరకుండక, చేంజ్‌లాగ్ అను పట్టికలలో వ్రాసియున్న పేర్లను వెదకి, చేర్చినవారొకరు, వ్రాసినవారు వేఱొకరు అయిన తావులలో వ్రాసినవారి పేరు నిలుచునట్లు పాటుపడిరి. మన భాషకు సంబంధించినదియు నొకటి కలదు. గ్నోమ్ డెస్క్‌టాపువారు 2009 ఏప్రిలులో సబ్‌వర్షన్‌నుండి గిట్‌కు మాఱిరి. ఆ డెస్క్‌టాపు మాటలను తెలుగు చేసినవారి ఫైళ్లును ఆ మార్పిడిలో కదలినవి. అట్టి పనిలో చేర్చు అధికారము అందఱికి నుండదు. ఒకరు అనువదించినదానిని వేఱొకరు చేర్చుట కలదు. అయినను ఫైలు తలపైన అనువాదకుల పేర్లు వ్రాసియుంచు నాచారము వలన ఆ పేర్లు పనితోపాటు ప్రయాణము చేసినవి. మా ఫైళ్ల తలపైన ఏ పేరును లేదు.

చరిత్రను తెచ్చుకొనుటకే నిశ్చయమైనది. అట్లు తెచ్చునప్పుడు పేర్ల పట్టిక యొకటి వ్రాయవలెను: ఎడమవైపున పాత లాగిన్, కుడివైపున మనిషి పేరు, ఈమెయిలు. మాకు రెండే లాగిన్‌లు గనుక రెండే పంక్తులు. 'పిల్లలు' అనుదానికి ఎదురుగా పాఠశాల పేరు, రెండవదానికి ఎదురుగా మా పేరు వ్రాసి మీట నొక్కితిమి. అరగంటలో చిట్టా అంతయు గిట్‌లోనికి వచ్చెను. పని ఇంత సులువుగ నైనదని మేము సంతోషించితిమి కూడ.

మఱునాడు తొమ్మిదవ తరగతి బాలిక తెఱమీద చూచుచు, "మాస్టారూ, ఇది ఏ భాషండి?" అని యడిగెను. మార్పులకు ప్రక్కన వ్రాసిన సమాచారములు అనేకము అర్థములేని ఇంగ్లీషు అక్షరములుగా, నడుమ నడుమ కొమ్ములు తోకలు గల గుర్తులుగా కనబడుచుండెను. అవి తెలుగే. యూనికోడుకు పూర్వము డి.టి.పి. దుకాణములలో వాడిన పాత ఫాంటుతో టైపు చేసినవి. ఆ ఫాంటు లేనిచో తెలుగుగా కనబడవు. మార్కుల పట్టికలను యూనికోడులోనికి మార్చితిమి గాని, సమాచారములు టైపు చేయుటకు పిల్లలు పాత అలవాటునే పాటించిరి. మేము వాటిని చదువకయే అంటించి చేర్చుచు వచ్చితిమి. రుషికొండవాడు వాటిని చెత్తయని తుడిచివేయ సిద్ధపడెను. బాలిక ఊరకుండక కార్యాలయపు పాత సి.డి.నుండి ఆ ఫాంటును తెచ్చి యెక్కించి చూచినది. వరుసగా తెలుగు మాటలు లేచి నిలిచినవి. ప్రతి సమాచారము చివరను, జవాబుపత్రము మీద వ్రాసినట్లు, వ్రాసిన విద్యార్థి తన పేరు, తరగతి, రోలు నంబరు వ్రాసికొనియుండెను.

ఆ గదిలో కొంతసేపు ఎవరును మాటలాడలేదు. అంతకుముందు రాత్రి మేము మా పేరిట వ్రాసికొన్నదంతయు వీరిది.

పేర్లు తెలిసిన పిమ్మట వాటిని నిలుపుట యెట్లన్నది ప్రశ్న. మెయిల్‌మ్యాప్ అను సులభోపాయ మొకటి కలదు. అది ఒక పేరును చూపవలసినచోట వేఱొక పేరును చూపును. కాని మా చిట్టాలో అందఱి పనియు ఒక్క పేరిటనే యున్నందున అది విడదీయజాలదు. ఒక్కొక్క మార్పును చదివి, పాత హాజరు పట్టీలతో సరిచూచి, పట్టిక వ్రాయవలసివచ్చెను. దీనికి పదునొకండు దినములు పట్టెను. గిట్‌లో ప్రతి మార్పునకును వ్రాసినవారు, చేర్చినవారు అని రెండు స్థానములు కలవు. మొదటి స్థానమున విద్యార్థి పేరు, రెండవ స్థానమున మా పేరు ఉంచితిమి. ఎంత వెదకినను తెలియనివాటికి 'పేరు తెలియని విద్యార్థి' అని వ్రాసితిమి.

అందులో నొకటి మాకు ప్రత్యేకముగ జ్ఞాపకమున్నది. యూనికోడు పట్టికలో 'ళ' అను అక్షరము 'ల' ప్రక్కనే, 'వ'కు ముందు నుండును. బడిలో మనము నేర్పు వర్ణమాలలో నది 'హ' తరువాత వచ్చును. అందుచే కంప్యూటరు పేర్లను వరుసపెట్టినప్పుడు కళావతి ముందును, కవిత వెనుకను వచ్చుచుండెను. 2013లో పదవ తరగతి బాలికయొకతె దీనిని కనిపెట్టి, వర్ణమాల ప్రకారము వరుసపెట్టు భాగమును వ్రాసినది. ఆ సంవత్సరము వైజ్ఞానిక ప్రదర్శనకు వచ్చిన పెద్దలు ఆ భాగమును మెచ్చి, ఎవరు వ్రాసిరని యడిగిరి. "మా పిల్లలతో కలిసి చేసితిమి" అని మేము చెప్పితిమి. ప్రశంసాపత్రము మా పేరిట వచ్చెను.

ఆమె ఇప్పుడు కొత్తవలసలో నొక బియ్యపు మిల్లున లెక్కలు వ్రాయుచున్నది. ఈమెయిలు అడుగుటకు కబురుపెట్టగా ప్యాసింజరు రైలులో వచ్చినది. తెఱమీద తన పేరు చూచి నవ్వి, "కళావతి మా అమ్మ పేరండి మాస్టారూ. కంప్యూటరు మా అమ్మని ముందు పెడితే, నేనే వెనక్కి పంపించాను. ఆవిడకి ఇప్పటికీ కోపమే" అనినది. తన ఈమెయిలు అందఱికి కనబడవలదని కోరగా, పాఠశాల చిరునామానుంచితిమి.

ఇంతటితో మార్పిడి ముగిసెనని తలంచితిమి. కాని ప్రతులు పంచకముందు మఱియొక పని చేయక తప్పదు. ఆ తొలిదినములలో మేము ప్రోగ్రాముతోపాటు మార్కుల పట్టికలను కూడ అదే చిట్టాలో పెట్టియుంటిమి. సబ్‌వర్షన్ పుస్తకము కార్యాలయపు గదిలో నున్నంతకాలము అది చెల్లినది. గిట్‌లో చరిత్రయంతయు ప్రతివాని యింటికి పోవును గనుక ఎవరి పిల్లల మార్కులు ఎవరి చేతిలో పడునో! కావున ఆ పట్టికలను చరిత్ర మొదటినుండి కడవఱకు తొలగించితిమి. తల్లిదండ్రులు ఈ విషయమున నిశ్చింతగ నుండవచ్చును. తొలగించు సాధనము, పని ముగిసిన పిమ్మట, పాత ముద్రలను క్రొత్త ముద్రలను ఎదురెదురుగా పట్టికవేసి చూపును. పట్టికలు తప్ప మఱేమియు లేని మార్పులు లోపల ఖాళీయై రద్దగును. వాటికెదురుగా నలువది సున్నలుండును. ఆ సున్నల పంక్తులను చదువుచు రుషికొండవాడు, "96వ మార్పు మీదేనండి మాస్టారూ" అనెను.

పాత చిట్టా తెఱచి 96వ మార్పును చూచితిమి. 2011, రాత్రి 7 గంటల 40 నిమిషములు. లాగిన్ మాది. సమాచారము: పాత పట్టికలు తీసివేయబడినవి. క్రింద తొలగింపబడిన ఫైళ్ల వరుస, ఒక్కొక్కదాని ప్రక్కన డి అను అక్షరము. ముందటి సంవత్సరపు పట్టికలు ఐదు. ఆఱవది ఆ సంవత్సరపు తొమ్మిదవ తరగతి త్రైమాసిక పట్టిక.

ఆ రాత్రి భోజనము చేసి కార్యాలయమునకు తిరిగివచ్చి ఫైళ్లు సర్దినట్లు మాకప్పుడు జ్ఞాపకము వచ్చెను. ఆ బాలుడు అంతకు రెండు గంటలముందే ఇంటికి పోయెను. అతనిని తరగతి యెదుట నిలువబెట్టకముందు ఒక్కసారి చిట్టా తెఱచి చూచియుండినచో తెలిసియుండెడిది. అంతకన్న చేదైనది వేఱొకటి కలదు. సబ్‌వర్షన్‌లో చెఱిపినది పోదు. ముందటి రూపమునుండి పట్టికను తిరిగి తెచ్చుటకు ఒక్క ఆజ్ఞ చాలును. చిట్టా పెట్టుకొనుటయే అందులకు గదా! పిల్లలకు ఆ సాధనమును నేర్పుచుండిన మాకు ఆ యాజ్ఞ తెలియదు. మూడు సాయంకాలముల ఆ టైపు పని అక్కఱలేనిది.

96వ మార్పు ఎట్లును రద్దైనది. మేము రద్దు చేయలేదు. పిల్లల మార్కులను కాపాడుట అను న్యాయమైన పని దానిని రద్దు చేసినది. ఊరకుండినచో చాలును. రుషికొండవాడు మాటలాడక మా ముఖము చూచెను. ఆ బాలుడును ఇతడును ఒకే బెంచీవారు. సంఘపు బాప్తిస్మపు రిజిస్టరులో తప్పు పడినచో బ్లేడుతో గీకివేయరు. గీత యొకటి గీసి, సరియైనది ప్రక్కన వ్రాసి, సంతకము చేయుదురు. ఖాళీయైన మార్పులను రద్దు చేయక నిలుపుమని ఆ సాధనమునకు చెప్పవచ్చునా యని యడిగితిమి. చెప్పవచ్చుననెను. అట్లే చెప్పి మరల నడిపితిమి. ఇప్పుడు 96వ మార్పులో విషయమేమియు లేదు. మా పేరు, తేది, సమాచారము మాత్రమున్నవి.

ఆ బాలుడు నేడు రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్. ఫోను చేసినప్పుడు కిరండూలు మార్గమున పనిలో నుండి, కోరాపుట్‌లో విశ్రాంతి తీసికొనుచుండెను. ఈ సంగతి పత్రికలో వ్రాయుటకు అతని యనుమతి కలదు. పేరు మాత్రము వలదనెను. జరిగినదంతయు దాచక చెప్పి, క్షమింపుమని కోరితిమి. అతడు చాలసేపు పలుకలేదు. కొండలలో ఫోను తెగినదేమో యనుకొంటిమి.

"నేను చెప్పాను కదండి మాస్టారూ" అని మాత్రమనెను. కొంతసేపటికి, "మఱి నేను కూర్చుని టైపు చేసిన పట్టిక? అది ఎవరి పేరున ఉందండి?" అని యడిగెను.

97వ మార్పు తెఱచి చూచితిమి. సమాచారమును మేమే టైపు చేసియుంటిమి: పట్టిక మరల చేర్చబడినది. చివర విద్యార్థి పేరు లేదు గనుక మా పదునొకండు దినముల వెదకులాటలో నది చిక్కలేదు. వ్రాసినవారు, చేర్చినవారు – రెండు స్థానములందును మా పేరే యుండెను.

ఆ రాత్రియే వ్రాసినవారి స్థానమున అతని పేరుంచి మార్పిడినంతయు మొదటినుండి మరల నడిపితిమి. 97 మొదలుకొని ముద్రలన్నియు మాఱినవి. తెల్లవాఱుజామున నాలుగు గంటలకు ముగిసెను. పది గంటలకు ఆఱుగురికిని ప్రతులు పంచి, పాత కంప్యూటరును ఆర్పి బీరువాలో పెట్టితిమి. ఏడవ ప్రతిని పెన్‌డ్రైవులో తీసికొని మేము స్టేషనుకు పోయి, డ్యూటీ ముగించుకొని వచ్చిన అతని చేతికిచ్చితిమి.